ఇనుముకి మైల లేదు

రంగు వేసే ముందు దొడ్డంతా నీళ్లు చల్లాలి. మాఘం దాటిందంటే గుంటూరు గాలి నిండా మిరపకాయ ధూళే. కొట్ల దగ్గర వాళ్లు బస్తా దులిపితే ఇక్కడ మేం తుమ్ముతాం. ఆ ధూళి తడి రంగు మీద వాలితే నల్లటి పెట్రోలు ట్యాంకుకి చెమటకాయలు లేచినట్టుంటుంది. మళ్లీ గీకి, ఎమరీ కాగితంతో రుద్ది, మొదటికి రావాలి. అందుకే నీళ్లు చల్లి, చుట్టూ తడిపిన పాత చీరలు కట్టి, ఆ గుడారంలో రంగు వాసన పీలుస్తూ కూర్చుంటాను. దగ్గు కూడా బయటికొచ్చి దగ్గాలి. "కూర్చుని చేసే పనేగా" అంటారు మా ఆయన.

మా ఆయన మార్కండేయులుకి బస్టాండు వెనక మోటారు సైకిళ్ల రిపేరు షాపుంది. ఇంజను బాగా చూస్తారు, అబద్ధమెందుకు. రంగు మాత్రం నాది. ట్యాంకులు, మడ్‌గార్డులు గోనెపట్టాలో చుట్టి సైకిలు మీద ఇంటికి తెస్తారు, ఆరాక పాత పంచెలో చుట్టి పట్టుకెళతారు. ట్యాంకు పక్కన ఉడత వెంట్రుకల కుంచెతో లాగే బంగారు గీత కోసం బాపట్ల నుంచి కూడా బళ్లొస్తాయి. "మార్కండేయులి చేతిలో గీత దారం లాగినట్టుంటుంది" అంటారట జనం. ఆ మాట ఆయనే చెప్పారు, అన్నం కలుపుకుంటూ, సంతోషంగా. ఎవరికి చెబుతున్నారో మర్చిపోయినట్టున్నారు.

పెళ్లికి ముందు పాలిటెక్నిక్‌లో ఏడాదిన్నర డ్రాయింగు చదివాను. స్కేలు లేకుండా గీత లాగడం, హాస్టలు పిల్లలతో పోటీపడి సైకిలు తొక్కడం అక్కడ నేర్చుకున్నవే. మొదటిది ఈ ఇంటికి పనికొచ్చింది. రెండోదాని సంగతి ఎవరూ అడగలేదు.

మా అత్తగారు మాణిక్యమ్మ మంగళగిరి నేతవాళ్ల మనిషి. నలభై ఏళ్లు మగ్గానికి కండెలు చుట్టింది. "చీరలు నేసేవారా అత్తయ్యా" అని ఓసారి అడిగాను. "నేనెక్కడ నేశానే, మీ మామయ్య నేశాడు. నేను ఊరికే కండెలు చుట్టేదాన్ని" అంది. చూపుడు వేలి మీద దారం కోసిన గాడి ఇంకా ఉంది. నా ట్యాంకు మీద ధూళి ఎక్కడ వాలిందో ఆ వేలితోనే చూపిస్తుంది.

ఆవిడకి మైల పట్టింపెక్కువ. నెలకి మూడు రోజులు నేను దొడ్లో పాత మగ్గం పాకలో ఉండాలి. విడిగా చాప, విడిగా చెంబు. చదువుకున్నదాన్ని, మొదట్లో ఏడ్చాను. తర్వాత్తర్వాత ఆ మూడు రోజుల కోసం ఎదురుచూడటం మొదలైంది. నన్నెవరూ ముట్టుకోరు, నేనేమీ ముట్టుకోనక్కర్లేదు. షాపులో ఆయన "ఇంకా ఆరలేదండీ" అని చెప్పుకుంటుంటే, నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని, ఒళ్లో అట్ట వేసుకుని బొమ్మలు గీసేదాన్ని. బడిలో డ్రాయింగు టీచరు కావాలంటే గవర్నమెంటు పరీక్ష ఒకటి ప్యాసవ్వాలి. దానికి ఇంట్లో తెలియకుండా అర్జీ పెట్టాను. పరీక్ష మార్చి పన్నెండున, పొద్దున పదింటికి. లెక్క చూసుకుంటే సరిగ్గా నా రెండో రోజు. ఆ పూట పాక వైపు ఎవరూ తొంగిచూడరు. దొడ్డి తలుపు తీసుకుని వెళ్లి, మధ్యాహ్నానికి వచ్చి చాప మీద కూర్చోవచ్చు.

పదకొండో తారీఖు అనుకున్నట్టే బయట చేరాను. సాయంత్రం ఆయన గోనెపట్టాతో వచ్చి దొడ్లో దూరంగా నిలబడ్డారు. షాపుకొచ్చే జయరావు గారి ట్యాంకట. నల్ల రంగు మొన్ననే వేశాను, గీతలు మిగిలాయి. జయరావు గారు ఎల్లుండి పొద్దున్నే ఆ బండి మీద అద్దంకి వెళ్లాలట.

"ఎలాగే అమ్మా?" అన్నారు, నా వైపు చూడకుండా.

అత్తయ్య చీపురు కర్రతో ట్యాంకుని పాక గుమ్మంలోంచి లోపలికి నెట్టింది.

"ఇనుముకి మైల లేదులే" అంది.

"ఇత్తడి చెంబుకి ఉంది కదత్తయ్యా?"

"ఇత్తడి వేరు, ఇనుము వేరు. కావాలంటే తర్వాత కాసిని నీళ్లు చల్లుతాను."

"రంగు మీద నీళ్లు పడితే మచ్చలు పడతాయి."

"చూశావా, నీకే తెలుసు" అంది మెచ్చుకోలుగా.

"ఒక్క ట్యాంకేగా నాంచారీ. ఎలాగూ ఖాళీగానే కూర్చున్నావు" అన్నారు ఆయన.

ఒక్కటి కాదని నాకు తెలుసు. ఇవాళ గుమ్మం దాటింది, ఇక ప్రతి నెలా దాటుతుంది. ఉన్న ఆ మూడు రోజులూ చీపురు కర్ర చివరన పోయాయి.

కుడి పక్క గీత లాగాను. అది ఆరితేగాని ట్యాంకు తిరగేయకూడదు. ఎడమ పక్క పొద్దున్నే చేయాలి, అప్పుడే సాయంత్రానికి ఆరి షాపులో బండికి బిగించడానికి వీలవుతుంది. పడుకోబోయేదాకా ఆయన గంటకోసారి వచ్చి చూసి వెళ్లారు. పొద్దున కూడా ఇలాగే వస్తారు, ఇక దొడ్డి తలుపు దారి లేదు.

పొద్దున చెంబెడు నీళ్లతో మొహం కడుక్కున్నాను. గోళ్ల కింది నలుపు పోలేదు. పెన్సిళ్లు రొంటిన దోపుకుని, దొడ్డి వైపు కాదు, నడింట్లోంచే వీధి వసారాలోకి నడిచాను. ఆయన సైకిలు గోడకి ఆనించి ఉంది. దాని హ్యాండిలు పట్టుకున్నాను.

"అదేంటే, మైలతో" అంటూ అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది.

"సైకిలు ఇనుమే కదత్తయ్యా. నాకు పది గంటలకి పరీక్షుంది."

ఆవిడ బొటనవేలితో చూపుడు వేలి గాడిని రుద్దుకుంటూ నన్ను చూసింది. తర్వాత పక్కకి జరిగింది. మైల తగులుతుందని జరిగిందో, దారి ఇచ్చిందో నాకు తెలియదు. సాయంత్రానికి ఆ పాకకే తిరిగి రావాలి, ఇంకో రోజు మిగిలే ఉంది. ఆ తర్వాత ఏమంటారో అదీ తెలియదు.

ఆయన పళ్లపుల్ల నోట్లో పెట్టుకునే దొడ్లోంచి వచ్చారు. "మరి ఆ రెండో పక్కో? జయరావు గారికి ఏం చెప్పను?"

కుంచె గూట్లో ఉందని చెప్పాను. కుచ్చిళ్లు ఎగదోపుకుని పెడలు మీద కాలు వేశాను.

"ఒక్క ఊపున లాగండి" అన్నాను. "ఊరంతా మెచ్చుకునే చెయ్యి మీదేగా."