లింగరాజు వేసిన ముడి

టీ గంట కొట్టేలోపే లింగరాజు ఆ కాలిని లెక్కలేనన్నిసార్లు ఊడదీశాడు.

ఇనప కాలు. మోకాలి దాకానే ఉంటుంది. పైన పట్టుకోవడానికి అడ్డంగా ఒక కడ్డీ, కింద నిజమైన బూటు. ఆ బూటును పలక మీది బైండింగ్‌లో టక్కున దిగేసి, కడ్డీని రెండు చేతులా పట్టుకుని, తిరగలి తిప్పినట్టు మెల్లగా మెలితిప్పుతాడు. ఒక హద్దు దాకా బైండింగ్ బూటును కరిచిపట్టుకుని ఉంటుంది. హద్దు దాటితే టప్పున వదిలేస్తుంది. తొందరపడి వదిలితే స్క్రూ బిగిస్తాడు. వదలనని మొండికేస్తే సడలిస్తాడు. ముందే వదిలితే మనిషి పడతాడు, వదలకపోతే మనిషి ఎముక విరుగుతుంది. ఈ రెంటికీ నడుమ ఎక్కడో ఉండే చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడీ నిలబడీ లింగరాజు మెడ ఎడమవైపుకి ఒరిగిపోయింది. దారిలో ఎదురైనవాళ్లు, ఈయన మనం చెప్పేది శ్రద్ధగా వింటున్నాడనుకుంటారు. వినడు.

పలకలు రెండేసి మూరల పొడుగు. కాలికొకటి కట్టుకుని మంచుకొండ మీంచి జారతారట. స్కీబోర్డులంటారు. ఊడిన పలక జారిపోకుండా దాన్ని మనిషి కాలికి కలుపుతూ ఒక తాడుంటుందట. బర్మాలో, యాంగాన్ శివారు లైంగ్‌థార్యార్‌లో ఆ రేకుల షెడ్డు కింద, పంకాలు వేడిగాలిని అటుదిటూ ఇటుదటూ తోస్తుంటే, మంచు మొహం చూడనివాళ్లంతా కలిసి వాటిని తయారుచేస్తారు. యాంగాన్‌లో మంచు కురిసిందని ఎప్పుడైనా ఎవరైనా చెప్పి ఉంటే, ఆ చెప్పింది లింగరాజే అయి ఉండాలి.

పట్టీలు కుట్టే సుధామణి టీ గ్లాసు పట్టుకుని వచ్చి బెంచీ పక్కన చతికిలబడింది. వాళ్లదీ నది అవతలి చిమిండైంగ్ పేటే. లింగరాజు ఇంటికి నాలుగిళ్ల అవతల.

“మావా, తాడు కట్టకుండా ఈ పలకనొగ్గేస్తే ఏటవుద్ది?”

“ఏటవుద్దా. కొండ దిగుద్ది. కొండ కింద ఊరు, ఊరు దాటితే ఇంకో కొండ. అలాగలాగ జారుకుంటా సముద్రం కాడికొచ్చి ఓడెక్కేస్తాది. దాని కాలేదో దానికి తెలుసు. ఆ కాలు దొరికినంతవరకూ ఆగదు.”

“నువ్వు సూసినావేటి?”

“సూడకుండా సెప్తానేటి? మంచంటే ఏటనుకున్నావు, ఉడకేయని సగ్గుబియ్యం. అందులో సచ్చినోల్లు కుళ్లరు. నిలబడే ఉంటారు. నువ్వెల్లి టైమెంతయ్యిందంటే సెప్తారు.”

“నీ అబద్దాలకి టిక్కెట్టెట్టాల మావా,” అని సుధామణి నవ్వి, గ్లాసు అడుగున మిగిలిన టీ నేలమీద ఒంపింది. కొంచెం ఆగి గొంతు తగ్గించింది. “మీ అప్పకెలాగున్నాది? నిన్న సాయంత్రం మీ మెట్ల కాడున్న ఎవులితోటో లోపల్నించి మాటాడతంటే ఇన్నాను.”

“దానికెప్పుడూ ఎవులో ఒకలుంటారు,” అన్నాడు లింగరాజు. మళ్లీ కాలు ఎత్తి బైండింగ్‌లో దిగేశాడు.

అప్పుడే గోదాము తలుపు దగ్గర్నుంచి మ ఖిన్ త్వే పిలిచింది. సరుకు నాణ్యం చూసే ఆవిడ. వయసులో సగం ఉంటుంది గానీ అక్కడ ఆవిడ మాటే చెల్లుతుంది. పెద్దవాడని అతన్ని ‘ఊ లింగ’ అంటుంది.

గోదాములో నేలమీద ఒక అట్టపెట్టె విప్పి ఉంది. మంచుదేశం నుంచి తిరిగొచ్చిన సరుకు. విమానంలో మింగళాడోన్ విమానాశ్రయం దాకా, అక్కణ్నుంచి పికప్పులో ఇక్కడికి. అట్ట బయట పొడిగా, ఎండకి వెచ్చగా ఉంది. లోపల ఒకే ఒక్క పలక. దాని ఒళ్లంతా సన్నగా చెమర్చి ఉంది. లింగరాజు అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు. ఐసు దుకాణంలో దిమ్మెని ముట్టుకున్నట్టుంది.

“విమానంలో చల్లగా ఉంటుంది కదా,” అంది మ ఖిన్ త్వే, చెయ్యి లుంగీకి తుడుచుకుంటూ.

“ఎప్పుడొచ్చింది?”

“మొన్న.”

ఇద్దరూ కాసేపు దానికేసి చూశారు. చెయ్యి ఆనినచోట మళ్లీ చెమట పోసింది.

పలకకి తాడుంది. రెండోకొస లేదు. మధ్యలో కత్తితో కోసేశారు. ఈ కొసన, బైండింగ్ రింగుకి తగిలించే క్లిప్పు మీద, రెండు చుట్లు చుట్టి వేసిన ముడి చెక్కుచెదరకుండా ఉంది. పిడికిట్లో బఠాణీగింజ దాచినట్టుండే చిన్న ముడి. దాని మీద గోళ్లతో గీరిన గీతలు.

“బైండింగ్ బాగానే పనిచేసిందట,” అంది ఆవిడ. “పడగానే బూటును వదిలేసింది. కానీ దీనికి బ్రేకు లేదు, తాడే కదా. కాలి కట్టేమో బట్టల లోపల బిగుసుకుపోయింది. బయట చేతికందేది ఈ క్లిప్పొక్కటే. నొక్కితే ఊడిపోవాలి. ఊడలేదు. కొండ కిందిదాకా పలక ఆ పిల్లని వదలకుండా కొడుతూనే ఉందట.”

“పిల్లా?”

“పిల్లే.”

“ఏమయింది?”

“వాళ్లు చెప్పలేదు. నేను అడగలేదు.” ఆవిడ వంగి ముడిని చూపుడువేలితో ముట్టుకోబోయి ఆగింది. “డిజైను బొమ్మలో ఈ ముడి లేదు ఊ లింగ. ఎవరు వేశారు?”

“నేనే.”

“ఎందుకు?”

“ఊడిపోకుండా.”

మ ఖిన్ త్వే పలకని మళ్లీ పెట్టెలోకి తోసింది. బయట కరెంటు పోయింది. జనరేటరు దగ్గి, గొణిగి, అందుకుంది.

“ఊడిపోవాలనే కదా నిన్ను అక్కడ నిలబెట్టింది,” అంది. “ఇకనించి తాళ్లు లేవు. వదిలే బైండింగ్‌కి బ్రేకే. పైన వాళ్లకి నేను ఏదో చెప్పుకుంటాను.”

ఆ ముడి ఒక్క పలకకే వేశాడనుకునేరు. వేలితో నొక్కితే ఊడిపోయే ప్లాస్టిక్ క్లిప్పును లింగరాజు మొదటిరోజే నమ్మలేదు. తన బెంచీ దాటిన ప్రతి తాడుకీ వేశాడు. పెట్టెల్లో సర్దేవాళ్లు, అదీ డిజైనేననుకుని దాని మీద కాగితం చుట్టి మరీ సర్దారు.

మధ్యాహ్నమంతా బ్రేకులు బిగించాడు. బ్రేకంటే రెండు చిన్న కొమ్ములు. బూటు తొక్కి ఉన్నంతసేపూ పలకని అంటుకుని పడుకుంటాయి, బూటు పోగానే స్ప్రింగు తన్నితే కిందికి దిగుతాయి. షెడ్డు చివర తడిపిన ప్లాస్టిక్ గుడ్డ పరిచిన ఏటవాలు చెక్క ఉంది. దాని మీంచి ఒట్టి పలకని వదిలాడు. అది రెండు జానలు జారి, కొమ్ములు దిగేసి, కొంచెం వణికి ఆగిపోయింది. ఎవరూ పట్టుకోలేదు, దేనికీ కట్టి లేదు. మళ్లీ వదిలాడు. మళ్లీ అలాగే ఆగింది. అతనికి అది నచ్చలేదు. పనివేళ అయిపోయేదాకా వదులుతూనే ఉన్నాడు.

సాయంత్రం పికప్పు వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతూ వంతెన దాటుతుంటే కింద నది పోటుమీద ఉంది. ఆ నదిని లింగరాజు మూడు తరాలుగా ఎరుగును. తాత కళింగపట్నంలో ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో బస్తాలు మోశాడు. తండ్రి అవే మెట్లమీద అవే బస్తాలు మోశాడు. నీటి పక్కన ఆ ఇంట్లో బిందెకి తాడుండేది, మేకకి తాడుండేది, పాకే పిల్లల నడుముకీ తాడుండేది. ఎవరికీ ఊడిరాని ఓడముడి ఆ ఇంటి సొత్తు. ఒకనాటి పగలు అలసిపోయి తండ్రి చిన్నపడవలో పడుకున్నాడు. ఆ రోజు పడవని కట్టింది వేరెవరో. ఆటు తీసింది. పడవా లేదు, తండ్రీ లేడు. అప్పటికి లింగరాజు చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. గుండీలు పెట్టిందీ, అన్నం పెట్టిందీ, పెళ్లి మానుకుని పెంచిందీ తోడబుట్టిన అప్ప సింహాచలమ్మ.

ఈ వానాకాలం ఆవిడ సాయంత్రం పూట లేచి నడవడం మొదలెట్టింది. మోకాళ్ల లోతు నీళ్లలో, రేవు మెట్ల మీద, నాన్న పడవ కోసం నిలబడి ఉండగా పట్టుకొచ్చాడు. ఆ రాత్రే, ఫ్యాక్టరీలో పక్కనపెట్టేస్తే ఎప్పుడో ఇంటికి తెచ్చుకున్న తాడొకటి తీసి ఆవిడ కాలికి ముడి వేశాడు. పగలు రెండోకొస మంచం కోడుకి. కింది వాటాలో ఉండే బర్మా ముసలమ్మ అన్నం అందిస్తుంది. రాత్రి ఆ కొస తన కాలికి. ఆవిడ కదిలితే లింగరాజు లేస్తాడు. పొద్దున్నే తన కొసకి వేసిన మామూలు ముడి విప్పుకుని మంచానికి కడతాడు. ఆవిడ కాలి ఓడముడి మాత్రం ఆ రోజునుంచి విప్పలేదు.

చెక్కమెట్లెక్కి లోపలికి వచ్చేసరికి అప్ప మంచం మీద కూర్చుని ఉంది. ఎండిన చేప ముల్లంత మనిషి. జుట్టు దువ్వుకుని ఉంది. కళ్లు తలుపు మీదే ఉన్నాయి.

“ఇప్పెయ్‌రా లింగా.”

“ఇప్పితే రేవుకి పోతావు.”

“రేవుకెందుకు, ఇంటికే ఒచ్చినారు కదా. మెట్ల కింద గుంట కూకుంది.”

“ఏ గుంట? ఎవుల పిల్ల?”

“మన గుంట కాదు. బర్మా గుంటా కాదు. తెల్లగున్నాది. కాలికి తాడున్నాది. నీ ముడే.”

లింగరాజు గిన్నె మూత తీయబోతున్నవాడల్లా మూత పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఫ్యాక్టరీలో జరిగినదాని సంగతి అతను పికప్పులో పక్కవాడికి కూడా చెప్పలేదు.

“నువ్వు సూసినావేటి అప్పా?”

“సూడనేదు, అదే సెప్పినాది. ఇంటన్నాను. మొన్నటి సంది గోళ్లతోటి గీరతన్నాది. ముడి తలకాయ అట్టుకు నాగుతన్నాది, పిచ్చిముండ. నాగితే మరీ బిగుస్తాది కదా. దానికి తెల్దు. నానెల్లి ఇప్పాల.”

లింగరాజు మెట్లు దిగాడు. ఇంకా వెలుతురుంది. వీధిలో ఎవరో సైకిలు మీద ఐసు గోళాలు అమ్ముతూ గంట కొడుతున్నాడు. మెట్ల కింద పాత టైరు, కొబ్బరి పీచు, పిల్లి. అంతే. అడుగుమెట్టు మీద మాత్రం మనిషి కూర్చున్నంత మేర తడిగా ఉంది. పాదం పెట్టాడు. చల్లదనం మడమలోంచి మోకాలి దాకా ఎక్కింది. అన్నేళ్లు మంచు గురించి అన్ని అబద్ధాలు చెప్పినవాడు కాలు వెనక్కి లాక్కుని మళ్లీ పైకెక్కాడు.

మంచం పక్కన కూర్చుని అప్ప కాలు ఒళ్లో పెట్టుకున్నాడు. ముడిని గోటితో గీకాడు. పంటితో లాగాడు. ముడి కదల్లేదు. ఇంతకాలం వేయడమే గాని విప్పిన పాపాన పోలేదు.

“తలకాయ కాడ కాదురా. పీక కాడ. ఎనక్కి తొయ్యి. ఊఁ. ఇంకొంచెం.”

ముడి వదులైంది. విచ్చుకుంది. తాడు ఆవిడ చీలమండ మీంచి జారి నేలమీద పడింది.

“నీకిది ఇప్పడం ఒచ్చునేటి?” అన్నాడు.

“నాన్న నాకే ముందర నేర్పినాడు. నీకు నేర్పింది నాను. మర్సిపోనావు.”

“మరిన్నాల్లూ ఇప్పుకోనేదేటి?”

సింహాచలమ్మ తమ్ముడి తల మీద చెయ్యి పెట్టింది. “ఇప్పుకుంటే నీకు నిద్దరట్టదు కదా.”

అన్నం నాలుగు ముద్దలు తినిపించాడు. తినింది. దీపం తగ్గించి, మళ్లీ కట్టమంటుందేమోనని ఒకసారి ఆవిడ మొహంకేసి చూశాడు. అనలేదు. లింగరాజు తలుపు దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ అటూఇటూ చాపి, గడపకి అడ్డంగా పడుకున్నాడు. ఆవిడ లేచి నడిస్తే తనని తొక్కాలి. తొక్కితే ఆగుతుంది. అలా అనుకుంటూనే, వానాకాలం మొదలైనాక మొదటిసారి, ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

తెల్లారింది. అతన్ని ఎవరూ తొక్కలేదు, దాటలేదు. అప్ప మంచం మీదే, గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. పిలిచాడు. భుజం పట్టుకున్నాడు. ఊపిరి లేదు. తర్వాత వెళ్లి పాదాలు చూశాడు. చీలమండ చుట్టూ తాడు ఉన్నచోట పాలిపోయిన కడియంలా గుర్తుంది. అరికాళ్లు తెల్లబారి ముడతలు పడి ఉన్నాయి, చాలాసేపు నీళ్లలో నడిచిన మనిషి కాళ్లలాగ. మెట్ల కింద గీరుతున్న చప్పుడేదైనా ఉందేమోనని, ఎడమవైపు ఒరిగిన ఆ మెడ ఇంకొంచెం ఒరగేసి విన్నాడు. ఏమీ లేదు. కింద పిల్లి పాల కోసం అరిచింది, అంతే.

సుధామణి పసుపూ, కొత్తబట్టా, తెల్లదారం ఉండా పట్టుకొచ్చింది. కింది ముసలమ్మ గుమ్మం దగ్గర కూర్చుని తన భాషలో ఏదో చదువుకుంటోంది. పోయినవాళ్ల కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టడం మనవాళ్లకీ ఉంది, బర్మావాళ్లకీ ఉంది. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. సుధామణి దారం తుంపబోయింది.

“ఒద్దమ్మీ,” అన్నాడు లింగరాజు.

“కట్టకపోతే తిరుగుద్ది మావా.”

“తిరగనీ.”

“నవ్వులాటకి టైమా ఇది?”

“నవ్వులాట కాదు. అప్పకి పనున్నాది. అలాటి ముడులు ఇంకా సానా ఉన్నాయి. నాను ఏసినవే.” ఆగాడు. “అయ్యన్నీ ఇప్పీసి, అయ్యాక అదే ఆగుతాది.”

సుధామణి అతనికేసి చూసింది. ఇంకో రోజయితే టిక్కెట్టు పెట్టమనేది. ఆ రోజు దారం ఉండ కిటికీ గట్టు మీద పెట్టేసింది. పసుపు మాత్రం రాసి, రెండు పాదాలూ విడివిడిగా సర్దింది.

ఎండ ఎక్కకముందే తీసుకెళ్లారు. మెట్లు దిగేటప్పుడు అడుగుమెట్టు పొడిగా ఉందని లింగరాజు ఒక్కడే చూసుకున్నాడు. గదిలో పరుపు చుట్టేసి ఉంది, చీపురు గోడకి ఆనించి ఉంది. కిటికీ గట్టు మీద సుధామణి మరిచిపోయిన తెల్లదారం ఉండ, కొస కొంచెం విడి, నదిమీంచి వచ్చే గాలికి కదులుతోంది.