మబ్బుల్లేని బొమ్మలు

ఆడపడుచు మీద వదినకున్న ఫిర్యాదులన్నీ ఏకరువు పెడితే పొద్దు గూకుతుంది కాబట్టి, ముఖ్యమైనది ఒక్కటే. ఏ అడవి ఎంత పలచబడిందో ఆకాశంలోంచి చూసి చెప్పేసే ఆ మహాతల్లికి, కళ్లెదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనబడదు. పోనీ కనబడలేదని ఒప్పుకుంటుందా? "నువ్వే చోటు మార్చావు వదినా" అంటుంది. "నాది తప్పు" అన్న మాట ఆ పిల్ల నోట ఇంతవరకూ ఎవరూ విన్న పాపాన పోలేదు.

ఉద్యోగం పర్యావరణ కార్యాలయంలో. ఉపగ్రహాలు తీసిన బొమ్మల్ని ఏళ్ల తరబడి వెనక్కి వెతికి, చెరువులూ అడవులూ ఎలా మారాయో తేల్చడం పని. సెలవొస్తే అన్నయ్య ఇంట్లో వాలుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం వదినే బతిమాలి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. మర్నాడు ఇంటిస్థలం కాగితాల మీద సంతకాలు. బస్సుల గ్యారేజీ దాటాక, ఊరి చివరి ఖాళీ నేల. ఎంచింది వదినే. మండుటెండలో గొడుగేసుకు వెళ్లి, మడమతో నేలని నాలుగు పోట్లు పొడిచి, "రాయిలా ఉంది" అని తేల్చేసింది. "కాస్త పల్లంగా లేదూ?" అని భర్త గొణిగాడు. "మీకు పరుపు మీద కూడా పల్లమే కనబడుతుంది" అందావిడ. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు గానీ, మొహంలో సందేహం మాత్రం చెరగలేదు. దాన్ని చెరిపేయడానికే ఈ తతంగం.

ఆవిడ తొందర ఆవిడది. ఈ మూడో అంతస్తు అద్దె వాటాలో వంటగదికి కిటికీ లేదు. పొగ పోయే కన్నం మెట్ల మీదికి తెరుచుకుంటుంది. ఇక్కడ పాలు మాడితే కింది వాటావాళ్లు పరామర్శకు వస్తారు. ఇక్కడ గట్టిగా మాట్లాడితే వాళ్లు టీవీ ఆపేస్తారు. కొత్తింట్లో తూర్పున ఇంత వెడల్పు కిటికీ! మనసులో ఇల్లు ఎప్పుడో కట్టేసింది, తలుపుల రంగు ఆరడమే తరువాయి.

"ముందు మన నేల చుట్టూ గీత గీస్తాను. ఇవి తేదీలు. ఇది మబ్బుల జల్లెడ వదినా, మబ్బు కమ్మినవన్నీ పక్కకి పోయి శుభ్రమైనవే మిగుల్తాయి" అంది ఆడపడుచు.

చిన్నచిన్న బొమ్మలు వరసగా పరుచుకున్నాయి. గ్యారేజీ మెతుకంత, దాని పక్కన ఆ నేల. ఏ ఏడు చూసినా ఎండు గోధుమరంగే.

"అన్నయ్యా, నీ పల్లంలో చుక్క నీరు లేదు!" అని కేకేసింది. బాల్కనీలో పేపరు వెనకనుంచి "సరే అయితే" అని వినబడింది.

వదిన విజయోత్సాహంతో టీ పెట్టి తెచ్చింది. ఆ ఉత్సాహంలోనే నోరు ఊరుకోలేదు. "అవునమ్మాయ్, మీ ఉపగ్రహం కూడా వానొస్తే సెలవు పెడుతుందా? ఒక్క బొమ్మలోనైనా నేల తడిసిందేమో చూడు!"

ఆడపడుచు చేతిలో కప్పు గాల్లోనే ఆగింది. తేదీలు చూసింది. మళ్లీ చూసింది. అన్నీ చలికాలమూ, ఎండాకాలమూ.

"నాదే తప్పు" అంది.

వదిన పళ్లెం జారవిడవబోయి పట్టుకుంది.

"మబ్బుల్ని జల్లించబోయి వానాకాలాన్నే పారబోశాను వదినా. ఈ జల్లెడ మొత్తం బొమ్మలో మబ్బెంతో చూస్తుంది, మన నేల మీద సందుందో లేదో చూడదు."

జల్లెడ తీసేసింది. తెర నిండా దూది. ఒక్కొక్క బొమ్మే తెరిచి పెద్దది చేస్తూ పోయింది. దూది, దూది, మళ్లీ దూది. ఇక చాల్లేమ్మా అందామని వదిన అనుకుంటుండగా, ఒక బొమ్మలో మబ్బు చిరిగింది. ఆ చిరుగులో, గ్యారేజీ పక్కన, నల్లగా నిగనిగలాడుతూ ఒక చెవి ఆకారం.

"నీడేమోనే" అంది వదిన ఆశగా.

"రాడార్ బొమ్మలకి మబ్బు అడ్డం రాదు. చూద్దాం."

అందులోనూ అదే చెవి. ముందటేడూ అదే, ఆ ముందటేడూ అదే. ఆడపడుచు అన్నింటినీ వరసలో పెట్టి నడిపించింది. వాన వచ్చినప్పుడల్లా ఆ చెవి నిండింది, ఎండల్లో ఇంకిపోయింది, మళ్లీ అంగుళం అటూ ఇటూ కాకుండా అక్కడే నిండింది. మధ్యలో రోడ్డేస్తే రోడ్డుకి రెండు పక్కలా నిండింది. నేల ఊపిరి తీసి వదులుతున్నట్టుంది.

"ఇంకా వెనక్కి వెళ్లగలవా?" వదిన గొంతు ఆవిడకే కొత్తగా ఉంది.

పాత బొమ్మలు గరుగ్గా, గళ్లుగళ్లుగా ఉన్నాయి. ఆవిడ పెళ్లయిన ఏడు వచ్చింది. ఊరు సగమే ఉంది, గ్యారేజీ లేనేలేదు. చెవి మాత్రం ఉంది, నిండుగా. తను ఈ ఊరికి కాపురానికొచ్చి, డాబా మీద బట్టలు ఆరేసి, వానకి తిట్టుకుంటూ తీసి, మళ్లీ ఆరేసిన ఆ ఏళ్లన్నీ పైనుంచి ఎవరో విసుగూ విరామం లేకుండా చూస్తూనే ఉన్నారు. కింద ఆ నీరు, ఎవరూ పిలవకపోయినా, వేళ తప్పకుండా వచ్చి వెళ్తూనే ఉంది. ఆవిడకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఎవరికో తెలియలేదు.

ఆ చెవి నట్టనడుమ తన తూర్పు కిటికీ. ఆవిడ దాన్ని మనసులోనే మెల్లగా మూసేసి, బాల్కనీ గుమ్మం దగ్గరికి నడిచింది.

"ఏమండీ."

"ఊఁ."

"మీరు పల్లమన్నారు చూడండి..."

"ఏ పల్లమోయ్?" పేపరు అవసరానికి మించిన శ్రద్ధతో మడతలు పడుతోంది.

"ఆ పల్లమే. అది నీళ్ల చోటు. మనకంటే ముందు నుంచీ వాటిదే. రేపు సంతకాలొద్దు. నాదే..." మిగతాది గొణిగింది.

"సరిగ్గా వినబడలేదు వదినా!" లోపల్నుంచి ఆడపడుచు.

"నాదే తప్పంటున్నాను కదే!" అని అరిచిందావిడ. కింది వాటాలో టీవీ ఆగిపోయింది.