మిగిలిన ఒక్క వత్తి

మా అత్త చిన్నమ్మాళ్ మొండితనం మా ఊరు నెల్లితోపు మొత్తానికీ తెలుసు. పటాలంతో సైగాన్ వెళ్ళిన కొడుకు ప్రాణాలతో తిరిగొస్తే లక్ష వత్తులు వెలిగిస్తానని మొక్కుకుంది. అవి వెలిగేదాకా అన్నం ముట్టనని ఒట్టు కూడా పెట్టుకుంది. ఆ కొడుకు, అంటే మా ఆయన చెంగల్రాయన్, స్టీమరు దిగి ఒళ్ళు చేసి హాయిగా ఊరంతా తిరుగుతున్నాడు. ఈవిడ మాత్రం పాలూ పళ్ళతో పుల్లలా అయిపోయింది. ఇంకా ఇలాగే సాగితే మనిషి దక్కదని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు.

వత్తులన్నీ ఆవిడే చేసింది. పదేసి ఒక కట్ట, పది కట్టలు ఒక మూట, అలా లెక్క పెట్టుకుంటూ కార్తీక పౌర్ణమికి లక్ష పూర్తి చేసింది. అంతటితో వెలిగించేస్తే గొడవే లేదు. ఎదురింటి పంకజమక్క ఊరుకుంటేనా?

"నవగ్రహాలకని తొమ్మిదేసి కలిపి ముట్టించాల చిన్నమ్మాళూ" అంది.

వీధిలో ఆడవాళ్ళందరం పొద్దున్నే కూర్చుని, కట్టలు విప్పి తొమ్మిదేసి మళ్ళీ కట్టాం. చివరికి ఒక్క వత్తి మిగిలింది.

అత్త ముఖం పాలిపోయింది. "ఒకటి మిగిలిందంటే లెక్క తప్పినాను" అంది.

"దాన్ని పారేస్తే పోలా?" అన్నాడు మా ఆయన.

"దేవుణ్ణే ఏమారుస్తావా రా? మళ్ళా మొదట్నించీ చేస్తా. అన్నం మాట అప్పుడు చూస్తాం."

నాకు ఒళ్ళు మండింది. పంకజమక్కనీ ఆవిడ నవగ్రహాలనీ కలిపి సముద్రంలోకి తోసెయ్యాలనిపించింది. కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. అత్త మళ్ళీ లక్ష చేసేదాకా బతకదు.

పది వత్తులు తీసి ఆవిడ ముందు పెట్టాను.

"అత్తా, దీంట్లో తొమ్మిది కట్టు. ఎన్ని మిగిలె?"

"ఒకటి. దానికేంది?"

"ఇట్లాంటి పదులు పది ఉంటే?"

"పది ఒకట్లు మిగులుతాయి."

"వాటిల్లోనూ తొమ్మిది కట్టు."

ఆవిడ చెయ్యి ఆగింది. "మళ్ళా ఒకటే. అంటే వందకీ ఒకటే." ఇక నేను చెప్పే పని లేకపోయింది. పది వందలకి పది మిగులుతాయి, కడితే ఒకటి. పది వేలకీ అంతే. వేళ్ళు మడుచుకుంటూ లక్షదాకా తనే వెళ్ళి, నా వైపు చూసింది.

"లక్షకీ ఒకటే మిగలాల!"

"ఏమీ మిగలకుండా ఉంటేనే నీ లెక్క తప్పు అత్తా."

అత్త నవ్వింది. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి. నాకు ఏడుపొచ్చింది. పంకజమక్క మాత్రం, "నేను తొమ్మిది అని చెప్పబట్టే కదా తెలిసె" అంది.

సాయంత్రం ఆ ఒంటి వత్తినే ముందు ముట్టించి, దాంతో మిగతావన్నీ వెలిగించాం. తర్వాత అత్త ఆకు ముందు కూర్చుంది.

"మీనాంబాళూ" అని నన్ను పిలిచింది. "అన్నంలో రసం పోసి సాదం కలుపు. మిరియాలు ఘాటుగా తగలాల."

పెట్టిందల్లా తింది. ఇంకొంచెం వెయ్యమని చెయ్యి చాపింది. గిన్నె అడుగున ఒక్క ముద్ద మిగిలితే దాన్ని కాసేపు చూసి, "ఇది మాత్రం మిగలకూడదు" అని అదీ తినేసింది.