గోనెసంచిలో గేర్‌బాక్స్

నన్ను అనుమానాల పుట్ట అంటారు. అననీ. ధర్మాబాద్ మిర్చి బజారులో ఇరవై ఏళ్ళుగా నిలబడిన ఆడదాన్ని. బస్తా మూతి చూసి సరుకు కొని ఉంటే ఎప్పుడో దివాలా తీసేదాన్ని. నేను మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునున్న కాయ పైకి తీసి చూస్తాను. పైన ఎర్రటి కాయలు, కింద తాలు కాయలు పోసిన పెద్దమనుషులను ఎంతమందిని పట్టుకున్నానో నాకే గుర్తులేదు. కొన్న బస్తా మూతి కూడా నా చేత్తోనే కుడతాను. ఊదారంగు పురికొస, చివర నా ఒక్కదానికే వచ్చే ముడి. దారిలో ఎవడైనా విప్పితే మళ్ళీ అట్లా వేయడం వాడి తరం కాదు.

అంత జాగ్రత్తగా ఉండే నా బండి, మార్చి నెలలో, సీజన్ మంచి ఊపు మీదుండగా, ఉమ్రి దాటాక నడిరోడ్డు మీద ఆగిపోయింది.

బండి సంగతి ముందు చెప్పాలి. నా ఎడమ కాలు పసితనంలోనే పోలియోతో చచ్చుపడింది. క్లచ్ తొక్కలేను. తొమ్మిదేళ్ళ కింద పూణేలో ఏదో కంపెనీ వదిలించుకున్న పాత పికప్ ఒకటి దొరికింది, ఆటోమేటిక్ గేర్లది. దానికి క్లచ్చే లేదు. కుడికాలు ఒక్కటుంటే చాలు. అంతకు ముందు నేను ఏ ఊరు పోవాలన్నా ఎవరో ఒకరు తీసుకుపోవాలి. మా ఆయన వెంకట్రావ్‌కు తీరిక ఉండాలి, లేదా మరిది సుభాష్‌కు బుద్ధి పుట్టాలి. చెప్పులు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చునేదాన్ని. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా కూర్చుని, చెప్పులు విప్పి లోపలికి పోయేదాన్ని. బండి వచ్చాక బాబ్లీ చుట్టుపక్కల ప్రతి కల్లానికీ నేనే నడుపుకుంటూ పోయాను. అది పోతే నేను మళ్ళీ ఆ గడప మీదికే రావాలి. అందుకే స్టీరింగ్ ఎవరినీ ముట్టనివ్వను. కడగడం, నూనెలు చూడడం, దసరాకు పూజ చేయడం మా ఆయన పని. ఆయన చోటు పక్క సీటు.

ఆ రోజు ఇంజన్ గొంతు చించుకుని అరుస్తోంది, బండి మాత్రం కదలదు. గేరు వేస్తే ఒక్క కుదుపు, అంతే. వెనక పన్నెండు బస్తాలున్నాయి. మా ఆయన దిగి, కిందికి వంగి చూసి, తల గోక్కున్నాడు.

"గేర్‌బాక్స్ పోయినట్టున్నది. నాందేడ్ల దేగ్లూర్ నాకా కాడ రోషన్ అని ఒక మిస్త్రీ ఉన్నడు. గిసొంటి బండ్లు ఈ దిక్కు వాడొక్కడే చేస్తడట."

ఈయనకు ఆటోమేటిక్ బండ్ల మిస్త్రీ పేరు ఎట్లా తెలుసు? సుభాష్ చెప్పి ఉంటాడనుకున్నాను. వాడు రెండేళ్ళుగా "వదినా, గా ముసలి బండి అమ్మేయ్, నీ పానం సుఖంగుంటది" అని నా చెవిలో జోరీగలా తిరుగుతున్నాడు. అమ్మితే కొనేది వాడే. ఆ మిస్త్రీ చేత "ఇది ఇక పనికిరాదు" అనిపించి, అడ్డికి పావుశేరుకు కొట్టేద్దామని ఎత్తు వేశాడు. నాకు క్షణంలో అంతా అర్థమైపోయింది. అర్థమైందనే అనుకున్నాను.

బస్తాలు ఇంకో బండికి ఎక్కించి పంపి, పికప్‌ను లాగించుకుని నాందేడ్ చేరాం. రోషన్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. నా మాట రెండు ముక్కలు వినగానే, "అక్కా, మీది ధర్మాబాద్ దిక్కా? మాది ఇస్లాపూర్" అని మన తెలుగులోకి దిగిపోయాడు. నా గుండెల్లో రాయి పడింది. మరాఠీలో మాట్లాడి ఉంటే అంత భయపడేదాన్ని కాదు. ముంచేవాడు ముందు చుట్టరికం కలుపుతాడు.

"ఇయ్యాల దింపుత అక్కా. రేపు పొద్దుగాల మీ ముందలనే ఇప్పుత."

"రాత్రంత ఈడనే ఉంటదా?"

"మరి ఏడికి పోతది? గంత బరువున్నది."

బరువు సంగతి కాదు నా బాధ. రాత్రికి రాత్రి మంచి సామాను తీసేసి, ఎక్కడిదో మాడిపోయిన సామాను లోపల పెట్టి, పొద్దున నా ముందు విప్పి చూపిస్తే? నేనేం కనిపెడతాను? అక్కడ ఒక పెట్టె మీద కూర్చుని సాయంత్రం దాకా వాళ్ళ చేతులే చూశాను. గేర్‌బాక్స్ కిందికి దిగగానే రెండు గోనెసంచులు తెప్పించాను. కింద ఒకటి, పైన ఒకటి తొడిగించి, నా సంచీలోంచి దబ్బనం, ఊదా పురికొస తీసి, రెండింటినీ కలిపి చుట్టూ కుట్టేశాను. చివర నా ముడి వేశాను.

షెడ్డులో పనివాళ్ళు చేతుల్లో పనులు ఆపేసి చూశారు. ఒకడు ఆగలేక, "బాయీ, హీ కాయ్ మిర్చీ ఆహే కా?" అన్నాడు. మిర్చీయే అనుకో, నోరు మూసుకో అన్నాను. మా ఆయన సిగ్గుతో రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. రోషన్ మాత్రం నవ్వలేదు. నేను వంగలేకపోతున్నానని గోనె అంచులు రెండూ పట్టుకుని, కుట్టు సరిగా పడేట్టు దగ్గరికి లాగాడు. ఆ మర్యాద చూసి నా అనుమానం ఇంకో రెండింతలైంది.

ఆ రాత్రి నాందేడ్‌లోనే చుట్టాల ఇంట్లో తలదాచుకున్నాం. మర్నాడు పొద్దున్నే పోయి ముందు ముడి చూశాను. వేసింది వేసినట్టే ఉంది. నేనే కోశాను. రోషన్ గేర్‌బాక్స్ అడుగున బోల్టులు విప్పి, కింద పళ్ళెం దింపాడు.

"గీ నూనె ఎర్రగ ఉండాలె అక్కా, దానిమ్మ రసం తీరు. చూడు ఎట్లున్నదో."

నల్లగా, చిక్కగా, తారు లాగా ఉంది. దాంట్లో అయస్కాంతం ముంచి తీస్తే వెండి పొడిలాంటిది అంటుకుని వచ్చింది. లోపలి బిళ్ళలు ఒక్కొక్కటే తీసి నా ముందు వరసగా పెట్టాడు. అన్నీ పెనం మీద మరిచిపోయిన రొట్టెల్లా మాడి ఉన్నాయి.

"రిపేర్ జేసే కథ లేదు. బాక్సే మార్చాలె. ముంబైల పాత బండ్లు ఇప్పే కాడ దొరుకుతది. నాలుగైదు దినాలు పడ్తది."

"మార్చాలె అనే అంటవని నిన్ననే అనుకున్న" అన్నాను.

అతను నొచ్చుకోలేదు. వేలితో ఆ నూనె కొంచెం తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన చూడు అక్కా. మిర్చి ఏరేదానివి, నీకు తెలుస్తది."

చూశాను. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. ఆ కంపు నాకు కొత్త కాదు. మా కొట్టంలో ట్రాక్టర్ పక్కన నిలబడితే రోజూ కొట్టేదే.

"ట్రాక్టర్ గేర్ల నూనె."

"అవ్. గీ బండి దాన్ని తట్టుకోదు. ఎవరో పోసిండ్రు. ఒక్క తాప కాదు, మెల్లమెల్లగ, జెరంత జెరంత పోసిండ్రు."

ట్రాక్టర్ సుభాష్‌ది. ఇంకేం కావాలి? అక్కడే నిలబడి వాడికి ఫోన్ చేశాను. నోటికి వచ్చిన ప్రతి మాటా అన్నాను. వాడి పుట్టుక దగ్గర మొదలుపెట్టి పెళ్ళి దాకా వచ్చాను. వాడు ఏడుపు గొంతుతో, "వదినా, నీ బండికి నూనె పోసే మూత ఏడుంటదో సుత నాకు ఎర్క లేదు. పిల్లల మీద ఒట్టు" అన్నాడు. ఒట్లు నా దగ్గర చెల్లవని ఫోన్ పెట్టేశాను.

రోషన్ చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చేతినే మళ్ళీ తుడుస్తున్నాడు.

"అక్కా, ఫోన్ల గాయనను తిడుతుంటె నాకు మంచిగ అనిపిస్తలేదు. బావ పోయిన దసర ముందల ఈడికి అచ్చిండు."

"ఏ బావ?"

అతను రోడ్డు అవతలికి చూశాడు. చాయ్ బండి దగ్గర మా ఆయన, చేతిలో రెండు గ్లాసులతో, లారీ పోయేదాకా ఆగి ఉన్నాడు.

"గా బావనే. ట్రాక్టర్ నూనె గిసొంటి బండిల పోస్తె ఏమైతదని అడిగిండు. లోపట మాడుతది, ఆర్నెల్లల్ల బండి కూసుంటదని చెప్పిన. పోయకుండ్రి అని గట్టిగ చెప్పిన. తెల్వక అడుగుతుండనుకున్న అక్కా."

ముందు నాకు వచ్చిన ఆలోచన, వీడు మొగుడూపెళ్ళాల మధ్య పుల్లలు పెడుతున్నాడని. రోషన్ దొంగైతే బాగుండునని ఎంతగా కోరుకున్నానో చెప్పలేను. కానీ ఈ మిస్త్రీ పేరు నాకు చెప్పింది మా ఆయనే. ఆర్నెల్లు లెక్క కూడా సరిపోయింది. నాకు భయమేసింది. కోపం తర్వాత వచ్చింది.

ఆయన వచ్చి చాయ్ అందించాడు. నేను తీసుకోలేదు.

"దసర ముందల ఈడికి అచ్చినవా?"

ఆయన నా వైపు చూడలేదు. విప్పి పెట్టిన బిళ్ళల వైపు చూశాడు.

"అచ్చిన."

"తెలిసే పోసినవా?"

"తెలిసే."

రోషన్ ఏదో పనున్నట్టు షెడ్డు వెనక్కి పోయాడు. పనివాళ్ళను కూడా పిలుచుకుపోయాడు.

"ఎందుకు?"

"తొమ్మిదేండ్లాయె. ఏ కల్లం కాడ దిగినా, 'రావుసాబ్, క్లీనర్ పని ఎట్ల నడుస్తున్నది' అంటరు. నేను నవ్వుత. నువ్వు సుత వాళ్ళతోటి నవ్వుతవ్." ఆయన గ్లాసులు రెండూ పెట్టె మీద పెట్టాడు. "ఒక్క సీజనన్న నేను నడపాలె, నువ్వు పక్కన కూసోవాలె అనుకున్న. గంతే. వేరే బండి తెస్తుంటి, క్లచ్చుది."

"నన్ను అడగొద్దా?"

"అడిగితె ఇస్తుంటివా?"

ఇచ్చేదాన్ని కాదు. అది నిజం. ఆ నవ్వు కూడా నిజమే, నేను నవ్వాను, చాలాసార్లు. ఆ మాట విన్నప్పుడు నాకు సిగ్గనిపించింది. అయినా సిగ్గు వేరు, ఇది వేరు. గడప మీద నేను ఎట్లా కూర్చునేదాన్నో లోకంలో అందరికంటే ఎక్కువగా చూసినవాడు ఈయన. చూసి, తెలిసి, ఆర్నెల్ల పాటు కొంచెం కొంచెంగా నన్ను మళ్ళీ అక్కడికే నెట్టాడు. ప్రతి పొద్దూ నా పక్కనే కూర్చుని.

"నీకు నామోషీ అయితె బండి ఎక్కకపోవాలె" అన్నాను. "నాకున్న కాలు ఇరగ్గొట్టుడెందుకు?"

చాయ్ చల్లారిపోయింది.

అయిదో రోజు ముంబై నుంచి వేరే గేర్‌బాక్స్ వచ్చింది. రోషన్ దాని అడుగు విప్పి నాకు చూపించబోయాడు. "అక్కర లేదు, నువ్వు చూసినవ్ గద" అన్నాను. నా నోటి నుంచి ఆ మాట రావడం నాకే వింతగా ఉంది. బిగించాక ఒక సన్నటి కొలత పుల్ల లాగి, నూనె ఎట్లా చూసుకోవాలో నేర్పాడు. ఇంజన్ నడుస్తుండగా తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి తీయాలి. రంగు చూడాలి, వాసన చూడాలి.

సుభాష్‌కు ఫోన్ చేసి తప్పైందని చెప్పాలి. ఇంకా చెప్పలేదు.

ఊరికి బయలుదేరే ముందు మా ఆయన బండి పక్కన నిలబడ్డాడు, ఎక్కమంటానో లేదో తెలియక. రైల్లో రమ్మందామనే అనుకున్నాను. కానీ ఒంటరిగా పంపితే ఈ మనిషి ఏం చేస్తాడో, ఏం ఆలోచిస్తాడో నాకు తెలియదు. పక్కనుంటే కనీసం కళ్ళకు కనబడతాడు. ఎక్కమన్నాను. ధర్మాబాద్ దాకా బండి వెన్నలా నడిచింది.

ఇప్పుడు రోజూ పొద్దున నేను కర్ర ఆనించుకుని బండి ముందు నిలబడతాను. బానెట్ నేను ఒక్కదాన్నే లేపలేను. ఆయనే వచ్చి లేపి పట్టుకుంటాడు. నేను పుల్ల తీసి, నా కొంగుకే తుడిచి, మళ్ళీ ముంచి, వెలుతురుకు పెట్టి చూస్తాను. ముక్కు దగ్గర పెట్టుకుంటాను. నేను చూస్తున్నంతసేపూ ఆయన గోడ వైపు చూస్తాడు.

నిన్న మొదటిసారి నోరు విప్పాడు.

"ఇంకెన్ని దినాలు చూస్తవే?"

"నువ్వు నా పక్కన కూసున్నన్ని దినాలు."

ఆయన బానెట్ మెల్లగా దించి, చేతులు దులుపుకుని, పోయి పక్క సీట్లో కూర్చున్నాడు.