సున్నా అక్క ఊపిరి

ఆ ఆసుపత్రిలో ఉన్న మెషిన్ గొట్టంలో కంటికి కనపడనంత సన్నటి బంగారు రేణువులు పూసిన చిప్ ఉంటుంది. అందులోకి ఊదితే, ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ మొలకెత్తుతున్నప్పుడే పసిగడుతుంది. కానీ ముందు ఆరోగ్యమైన ఊపిరి ఎలా ఉంటుందో దానికి చూపించాలి. అందుకని రోజూ పొద్దున్నే ల్యాబ్ టెక్నీషియన్ ఊదేది. ఆమె ఊపిరే సున్నా, పరీక్షకొచ్చే జనమంతా దానితో పోల్చి లెక్క: తేడా ఉంటే ఎర్రలైటు, లేకుంటే పచ్చలైటు. అందరూ ఆమెను సున్నా అక్క అనేవాళ్లు. ఆ సున్నాను ఎవరు కొలుస్తారని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు అక్క ఆలస్యంగా వచ్చింది. ఆమె బదులు నర్సు ఊదేసింది.

"నా సీటుకే ఎసరు పెట్టావటే?" అని నవ్వి, అక్క సరదాకి తనూ ఊదింది. ఎర్రలైటు వెలిగింది.

"చిప్ పాడైనట్టుందక్కా."

కొత్త చిప్ వేశారు. మళ్లీ ఎరుపే.

డాక్టరు వచ్చి చూశాడు. "కంగారుపడకమ్మా, ఇది అనుమానమే. ఇవాళే స్కాన్ తీయిద్దాం. ఈ సంగతి మాత్రం గది దాటకూడదు. మెషిన్ పరువు పోతుంది."

అక్క గొట్టం పక్కన పెట్టింది.

"నాకే జబ్బుంటే, నాలాంటి ఊపిరున్న వాళ్లందరికీ ఇది పచ్చలైటే చూపించి ఉంటుంది. ఏం లేదు, హాయిగా ఉండండని వాళ్లను ఇంటికి పంపింది నేనేనండీ."

"ముందు నీ సంగతి తేలనీ."

"తేలేలోపు వాళ్లకు ముదిరితే మీ పరువు మందుగా తాగిస్తారా?"

అక్క నర్సు వైపు తిరిగింది. "ఫోన్ అందుకోవే. అందర్నీ మళ్లీ ఊదడానికి రమ్మను. నేను స్కాన్‌కి పోతున్నా."

నర్సు డాక్టరును చూసింది, అక్కను చూసింది. నంబరు నొక్కింది.