తూములో పోసిన అక్క

“అవి పారబోయకు, ప్రాణంతో ఉన్నాయి!” అని కేకేశాడు ల్యాబ్‌లో కొత్తగా చేరిన అసిస్టెంటు.

గాజుసామాను కడిగే చిన్నక్క పకపకా నవ్వింది. “గాజుగిన్నెలో ప్రాణమేంటి బాబూ? చేపపిల్లలా?”

“మనిషి కణాలే. ఈ ఆసుపత్రి లాండ్రీలోనే పనిచేసి, గడ్డతో పోయిందట ఒకావిడ. ఆపరేషన్‌లో ఆ గడ్డలోంచి రవ్వంత తీశారు. అది చావదు, పెరుగుతూనే ఉంటుంది. సెలవురోజైనా వచ్చి దానికి మేత వెయ్యాల్సిందే.”

చెప్పినవాడి తప్పు లేదు పాపం. చనిపోయినావిడ ఈమెకు తోడబుట్టిన అక్క అని వాడికేం తెలుసు? చిన్నక్క చేతిలో గిన్నె భళ్లున పగిలింది. అక్కను మట్టిచేసి ఏడాదైంది. పాతబడ్డ గిన్నెల్లో బ్లీచింగు కలిపి తొట్టిలో ఒంపేది మాత్రం తనే, రోజూ.

లాండ్రీలోకి పరిగెత్తి ఆవిర్ల మధ్య కూలబడింది. “ఇన్నాళ్లూ అక్కను నేనే తూములో పోశానర్రా!”

మిషన్లు ఆపేశారు. “దానికి నొప్పి తెలుస్తుందంటావా?” అన్నాడు ఇస్త్రీ తాత.

“మందులు కనిపెడతారుగా, మంచిదేగా?” అంది ఒకామె.

“మంచిదైతే అక్కను అడగడానికి వాళ్లకు నోరు పడిపోయిందా?” చిన్నక్క భోరుమంది. “అడిగితే ఇచ్చేదే! అది ఎవరికి లేదందని?”

అందరూ కలిసి పెద్ద డాక్టరు గదికి వెళ్లారు. “మీ అక్కకిక చావు లేదు. ఎన్ని దేశాల ల్యాబ్‌లకు వెళ్లిందో తెలుసా! గర్వపడు,” అన్నాడాయన.

“అది ఈ ఊరే దాటలేదు బాబూ. తెప్పించండి.”

“అది అయ్యే పని కాదు.”

“అయితే ఇక ఎవరి ఒంట్లోదీ అడక్కుండా తియ్యమని అందరి ముందూ చెప్పండి.”

“ఊరికే వైద్యం చేస్తుంటే ఎదురు ప్రశ్నలా? బయటికి నడవండి!”

మర్నాడు లాండ్రీవాళ్లు రోగుల దుప్పట్లు ఉతికి, జరిగింది చెబుతూ మంచం మంచానికీ పంచారు. తెల్లకోట్లు మాత్రం ముట్టలేదు. రక్తం, చీము మరకలతో అవి ఆయన గుమ్మం ముందు నడుమెత్తు పేరుకున్నాయి. కంపు భరించలేక పోలీసుల్ని పిలిపించాడు.

చిన్నక్కను అక్క పోయిన వార్డు మీదుగానే లాక్కెళ్లారు. అక్క మంచం మీద ఇప్పుడొక తాపీపని చేసే ఆమె ఉంది. వార్డు డాక్టరు సూది పట్టుకుని వంగాడు. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఏం తీస్తున్నారు? దేనికి?”

పక్క మంచం కూడా అడిగింది. ఆ పక్కదీ. వార్డంతా లేచి కూర్చుంది. బతికున్నన్నాళ్లూ ఎవరినీ ఎదురడగని అక్కే అందరి నోటా అడుగుతున్నట్టు చిన్నక్కకు అనిపించింది.

“గట్టిగా అడగండే!” అని గుమ్మం దాటుతూ అరిచింది. “అది వింటోంది!”