పంటు మీద భ్రామరి

వరహాలక్ష్మికి గోదావరి అంటే భక్తి ఎక్కువే, కాకపోతే గట్టు మీద నుంచే. పెనుగొండ నుంచి నరసాపురానికి కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి పంటు ఎక్కింది. జనాన్నీ మోటారు సైకిళ్ళనీ నది దాటించే ఆ పంటు అవతలి రేవును గట్టిగా గుద్దుకునేసరికి తూలిపడబోయి కమ్మీ పట్టుకుంది. తడిసింది కొంగు మాత్రమే. భయం మాత్రం ఎముకల్లోకి దిగింది. అప్పటినుంచీ ఎదుటి ఒడ్డున సఖినేటిపల్లిలో ఉన్న చెల్లెలు వీరవేణి ఇంటికి చించినాడ వంతెన మీదుగా కారులో చుట్టు తిరిగే వెళ్ళేది.

మోకాళ్ళ నొప్పులకని యోగా క్లాసులో చేరింది. లెక్కల టీచరు ఉమాశ్రీ పొద్దున్నే తన డాబా మీద నేర్పేది. ఒకరోజు ధ్యానంలో, "కళ్ళు మూసుకుని, మెల్లగా పారే నదిని ఊహించుకోండి" అంది.

వరహాలక్ష్మి చటుక్కున కళ్ళు తెరిచింది. "నది వద్దండీ, ఇంకేదైనా చెప్పండి."

అందరూ నవ్వారు. ఉమాశ్రీ మాత్రం క్లాసయ్యాక పక్కన కూర్చుని సంగతంతా విన్నది.

"భయాన్ని తరమకండి. వచ్చినప్పుడు ఒంట్లో ఎక్కడ కూర్చుందో చూడండి. గాలి పీల్చినంత సేపటికంటే ఇంకాస్త ఎక్కువసేపు వదలండి. అంతే."

చూసింది. అది గొంతు కింద, మింగుడుపడని జంతిక ముక్కలా కూర్చుంది. కొన్నాళ్ళు డాబా మీదే సాధన చేసింది. తరవాత రేవు మెట్ల పైన, ఆ తరవాత నీళ్ళు పాదాలకి తగిలే మెట్టు మీద. కొన్ని రోజులు మధ్యలోనే లేచి ఇంటికొచ్చేసేది. మర్నాడు మళ్ళీ వెళ్ళేది.

వరదలు తగ్గాక, వీరవేణి జారిపడి కాలికి కట్టు వేయించుకుందని కబురొచ్చింది.

"కారు తియ్యనా?" అన్నాడు భర్త అనంతకృష్ణ.

"వద్దండీ. పంటు మీద వెళ్తాను."

"ఎవరూ?" అన్నాడాయన, ఫోన్లోంచి తలెత్తి.

ఉమాశ్రీ తోడు వచ్చింది. నది మధ్యకి వెళ్ళాక ఇంజను దగ్గి, ఆగిపోయింది. పంటు మెల్లగా పక్కకి కొట్టుకుపోసాగింది. వరహాలక్ష్మి గొంతు కింద ఆ జంతిక ముక్క మళ్ళీ వచ్చి కూర్చుంది. ఊపిరి నిదానంగా వదిలింది. భయం పోలేదు, కానీ కాళ్ళు నిలబడ్డాయి.

అప్పుడు చూసింది. ఉమాశ్రీ మొహం పాలిపోయి ఉంది.

"ఏంటండీ టీచర్ గారూ?"

"నేను పంటెక్కడం ఇదే మొదటిసారండీ. నాకు ఈత రాదు."

"మరి చెప్పలేదేంటండీ?"

"మీరంత ధైర్యంగా బయల్దేరితే, నాకు భయమని ఎలా చెప్పనూ?"

వరహాలక్ష్మికి నవ్వొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "కళ్ళు మూసుకోండి. భ్రామరి చేద్దాం" అని, నోరు మూసి తుమ్మెదలా ఝుమ్మని మొదలుపెట్టింది. ఉమాశ్రీ కూడా గొంతు కలిపింది.

వాళ్ళ వీధికి చేపలు తెచ్చే రత్తమ్మ, గంప మీద చెయ్యేసి కూర్చున్నదల్లా, వింతగా చూసింది. "ఏంటమ్మా ఆ మోత?"

"భయానికి మందు, రత్తమ్మా."

"అయితే నాకూ నేర్పండమ్మా. ఈ ఇంజను ఆగినప్పుడల్లా నాకూ గుండె జారిపోద్ది."

ముగ్గురి ఝుంకారం విని పంటు నడిపే అతను లోపల్నించి తల బయటపెట్టాడు. "ఎక్కడో ఏదో మోగుతోందే!" అని ఇంజను వంక అనుమానంగా చూశాడు. జనం గొల్లుమన్నారు. కాసేపటికి అతను దాన్ని బతిమాలో తిట్టో మొత్తానికి కదిలించాడు.

"ఏ దారిన వచ్చావక్కా, ఇంత పెందలాడే?" అంది వీరవేణి.

"నది దారినే!"

వీరవేణి కట్టు కాలు మరిచిపోయి లేవబోయింది.

భోజనాలయ్యాక ఉమాశ్రీ మెల్లగా అడిగింది. "తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో పోదామా అండీ?"

"మీరు బస్సులో వెళ్ళండి, ఏం ఫరవాలేదు. నేను పంటుకే వెళ్తాను."

ఉమాశ్రీ సంచీ అందుకుంది. "రేవు దాకా వస్తాను. అక్కడ చూద్దాం."

సాయంత్రం రేవులో పంటు సిద్ధంగా ఉంది. ఉమాశ్రీ ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చి, నిదానంగా వదిలి, వరహాలక్ష్మి కంటే ముందే ఎక్కేసింది.